ఊలు పేరుతో అమ్మేది ఉన్ని కాదు, మన అల్లికకు కావలసింది నూలు

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రికలో చలికాలపు దుస్తుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. మన జిల్లాలో ఆడవాళ్ళు ఇళ్ళలో అల్లిక మానేశారని అందులో ఒకచోట, ఉన్ని దారం మాత్రం బజారులో కావలసినంత దొరుకుతోందని మరొకచోట రాశారు. మొదటి మాట పూర్తిగా నిజం కాదు, రెండో మాట అసలే నిజం కాదు. నలభై ఏళ్ళుగా అల్లుతున్నదాన్ని, ఉద్యోగ విరమణ తరవాత నూలు వడకడం కూడా మళ్ళీ మొదలుపెట్టినదాన్ని కాబట్టి ఈ రెండు సంగతుల గురించీ రాయడం నా బాధ్యత అనిపించింది. ఉత్తరం కాస్త పొడుగైతే మన్నించండి.

నెల్లూరు మూలాపేటలో మా ఇంటి వసారాలో దసరా వెళ్ళిన దగ్గర నుంచి వారానికి మూడు మధ్యాహ్నాలు నలుగురం కూర్చుంటున్నాం. ఇద్దరం రాట్నం దగ్గర, ఇద్దరు సూదుల దగ్గర. కార్తీకమాసంలో పక్కింట్లో ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి ఊరికే చూడడానికి వచ్చి, మూడో రోజుకల్లా తనకూ ఒక తకిలీ (చేతితో తిప్పి నూలు వడికే చిన్న పుల్ల) కావాలని అడిగి తీసుకుంది. ఈ నాలుగు నెలల్లో మా చేతుల మీదుగా పసిపిల్లల టోపీలు మూడు, మేజోళ్ళు రెండు జతలు, ఎనభై ఏళ్ళ పెద్దాయనకు చేతుల్లేని స్వెట్టర్ ఒకటి, వేడి గిన్నెలు దించుకోవడానికి మందపాటి గుడ్డలు కొన్ని పూర్తయ్యాయి. మాలో ఒకావిడ పదిహేనేళ్ళ కిందట సగం అల్లి ట్రంకు పెట్టెలో పడేసిన స్వెట్టర్‌ను తెచ్చి, వరస వరసగా విప్పి, దారాన్ని తడిపి ఆరబెట్టి ఉండ చుట్టి, అదే దారంతో మనవడి స్వెట్టర్ మొదలుపెట్టింది. ఒక శాలువా ఇంకా నా సూదుల మీద ఉంది. నెల్లూరులో స్వెట్టర్ ఎందుకని చాలామంది అడుగుతారు. ధనుర్మాసపు తెల్లవారుజాములు, తుఫాను పట్టిన నాలుగు రోజులు, తిరుమల కొండ మీద గడిపే రాత్రి, ఇవి చాలు. అన్నిటికీ మించి నెలల బిడ్డ తలకు ఏ కాలంలోనైనా ఒక టోపీ కావాలి.

అసలు సంగతి ఆ టోపీతోనే మొదలైంది. మా అమ్మాయికి బిడ్డ పుడితే, నా చేతుల్తో అల్లినదే మొదటి టోపీ కావాలని ఒక దుకాణానికి వెళ్ళి, పసిబిడ్డకు కాబట్టి మంచి ఉన్ని ఇమ్మని అడిగాను. స్వచ్ఛమైన ఊలు అని చెప్పి, మిగతావాటి కంటే ఎక్కువ ధర తీసుకుని, లేతపసుపు దారపు ఉండలు రెండు ఇచ్చారు. టోపీ చూడముచ్చటగా వచ్చింది. కానీ అర్ధగంట పెట్టేసరికి బిడ్డ తల చెమటతో తడిసి, నుదుటి మీద పేలినట్టు ఎర్రగా కనిపించింది. ఉన్ని చెమటను పీల్చుకోవాలి కదా అన్న అనుమానం వచ్చి, మిగిలిన ఉండలోంచి జానెడు దారం కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని దీపం మంట దగ్గర పెట్టాను. దారం మంట తగలకముందే ముడుచుకుపోయి, నల్లని పొగతో కరిగి, చుక్కగా కింద ఉన్న నీళ్ళ పళ్ళెంలో పడింది. చల్లారాక చూస్తే గోటితో నలిపినా నలగని నల్లపూస. అది అక్రిలిక్. పెట్రోలియం నుంచి వచ్చే రసాయనాలతో తయారయ్యే పోగు.

ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు కనుక మిగతా రెండూ, అంటే ఉన్ని, నూలు ఎలా కాలతాయో చెబుతాను. నిజమైన ఉన్ని అంత త్వరగా అంటుకోదు. అంటుకున్నా మంట తీయగానే ఆరిపోతుంది. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. మిగిలిన నల్లటి బొగ్గు వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలిపోతుంది. నూలు కాగితం లాగా పసుపు మంటతో గబగబా కాలి, మంట ఆరాక కూడా నిప్పు కొంతసేపు కణకణలాడి, మెత్తని బూడిద మిగులుస్తుంది. పిల్లల్ని దూరంగా ఉంచి, పళ్ళెంలో నీళ్ళు పోసుకుని చేయాలి. అక్రిలిక్ కరుగుతుంది కాబట్టే దానితో పొయ్యి దగ్గర వాడే గుడ్డలు అల్లకూడదని మా వసారాకు వచ్చేవాళ్ళందరికీ చెబుతున్నాను. కరిగిన పోగు చర్మానికి అంటుకుంటే ఊడి రాదు. పోయిన సంవత్సరం ఒక ఇంట్లో అలాంటి గుడ్డతో కుక్కర్ దించబోయి చేయి కాల్చుకున్నారు. ఆ మచ్చ నేను చూశాను.

అక్రిలిక్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. అది చవక, రంగులు పోవు, పురుగు పట్టదు, ఎన్ని ఉతుకులకైనా ఓర్చుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పది సార్లు విప్పి పది సార్లు అల్లుకోవడానికి దానికంటే మంచి దారం లేదు. నా అభ్యంతరమల్లా పేరు మీదే. బాగా ఆరిన నూలు వంద గ్రాములు గాలిలోని తేమను ఎనిమిది గ్రాముల దాకా తనలో పట్టుకుంటుంది, ఉన్ని అంతకు రెట్టింపు పట్టుకుంటుంది, అక్రిలిక్ రెండు గ్రాములు కూడా పట్టుకోదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో, ఉక్కపోతలో, ఆ తేడా పసిబిడ్డ తల మీద కనిపిస్తుంది. కొనేవాళ్ళకు ఆ తేడా తెలియాలంటే ముందు సరుకు పేరు సరిగ్గా చెప్పాలి. దుకాణంలో నేను మళ్ళీ వెళ్ళి అడిగితే, "అందరూ దీన్నే ఊలు అంటారమ్మా, మేమూ అదే అంటున్నాం" అన్నారు. ఆ మాటలో మోసం కంటే అలవాటే ఎక్కువగా వినిపించింది. కానీ పొట్లం మీద కంపెనీ పేరు, బరువు, ధర ఉన్నాయి గాని, లోపల ఉన్నది ఏ పోగో చెప్పే మాట చదవగలిగేంత అక్షరాల్లో ఎక్కడా లేదు.

ఇక్కడ ఇంకొక మాట. నెల్లూరు గొర్రెకు అంత పేరు కదా, మన గొర్రెల ఉన్నితోనే వడకకూడదా అని మా దగ్గరకు వచ్చే అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. దేశంలోని గొర్రె జాతుల్లో ఎత్తులో మొదటి వరసలో నిలిచే నెల్లూరు గొర్రె మాంసానికి పెంచే జాతి. అందులోని మూడు రకాల్లో పల్ల అయినా, జొడిపి అయినా, దొర అయినా, దాని ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే తప్ప వడకడానికి వచ్చే ఉన్ని కాదు. గొంగళి నేయడానికి వాడే ముతక ఉన్ని దక్కనీ గొర్రెది, దాని నేల అనంతపురం, తెలంగాణ వైపు. అంటే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో స్వంతంగా ఉన్ని ఎప్పుడూ లేదు. మనకు ఉన్నది పత్తి. ప్రకాశం జిల్లా మెట్టల్లో పత్తి పండుతోంది. అల్లిక అనగానే ఉన్నే గుర్తుకు రావడం చలిదేశాల నుంచి వచ్చిన అలవాటు. సూదులకు ఏ దారమైనా ఒకటే.

అందుకని దసరా తరవాత పట్టుబట్టి నూలు వడికి, దానితోనే అల్లడం మొదలుపెట్టాం. నా దగ్గర ఉన్నది పెట్టె రాట్నం, అంటే పెట్టెలో అమర్చిన రాట్నం. మా చిన్నప్పుడు బడిలో తకిలీ ఇచ్చి వడికించేవారు కాబట్టి చేతికి ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏకును (వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్టను) నలగనీయకుండా పట్టుకుని, చేతిని వెనక్కి లాగుతూ పోతే, దూది లోంచి పోగు తనంతట తానే పుట్టుకొస్తున్నట్టు ఉంటుంది. వేళ్ళు కాస్త బిగిస్తే పోగు తెగుతుంది, కాస్త వదిలితే ఉండ కడుతుంది. మూరెడు పోగు లాగాక, దానికి ఇంకాస్త పురి ఎక్కించి, కదురుకు (రాట్నంలో తిరిగే పుల్లకు) చుట్టాలి. పింజ (పత్తి పీచు) పొడవు తక్కువ అయితే పురి ఎక్కువ కావాలి. లేకపోతే పోగు చేతిలోనే జారి విడిపోతుంది.

ఇందులో మన వాతావరణం ఎంత కలిసి వస్తుందో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. నూలుకు తేమ తగిలితే బలం పెరుగుతుంది. మన ఊళ్ళో ఈశాన్య రుతుపవనాల వానలు పడే ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఏకు వెన్నలా సాగింది. గంటసేపు వడికితే ఒకటి రెండు సార్లకంటే తెగలేదు. అదే పోయిన వేసవిలో పడమటి గాలి మొదలయ్యాక రాట్నం ముందు కూర్చుంటే నిమిషానికి ఒకసారి తెగేది. పక్కన తడిగుడ్డ వేలాడదీసుకుని, తెల్లవారుజామున ఎండ రాకముందే వడికితే కాస్త నయం. వడకాలనుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే: మన జిల్లాలో దసరాకు మొదలుపెట్టి శివరాత్రికి నిలిపివేయండి, వేసవిలో అల్లుకోండి.

ఒక పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు (చుట్టిన నూలు కట్టలు) ఎన్ని వస్తాయో అదే ఆ నూలు నంబరు. మేము వడికేది సుమారుగా పది నంబరు, అంటే గ్రాముకు పదిహేడు మీటర్ల పోగు. నా చేయి గంటకు 150 మీటర్లు వడుకుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు అంతకు రెట్టింపు వడుకుతారు. ఒక పసిబిడ్డ టోపీకి 40 గ్రాములు, అంటే 680 మీటర్ల పోగు, నాలుగున్నర గంటల పని. పోగులు కలిపి మెలిపెట్టడానికి (పేనడానికి), నూలును ఉడికించడానికి ఒక పూట, అల్లడానికి మూడు సాయంత్రాలు. మొత్తం కలిపితే వారం లోపు ముగిసే పని. ఇది లెక్కవేసి చెప్పడం ఎందుకంటే, నూలు వడకడం అనగానే అదేదో జీవితమంతా పట్టే తపస్సు అని జనం భయపడుతున్నారు.

మొదటి టోపీ పాడైంది. ఒంటి పోగుతోనే అల్లాను. పూర్తయి ఉతికేసరికి టోపీ అంతా ఒక పక్కకు మెలి తిరిగి, కుట్టు చెవి దగ్గర నుంచి ముఖం మీదికి వచ్చింది. ఒంటి పోగులో ఉన్న పురి విప్పుకోవాలని చూస్తూ అల్లికను తనతో పాటు తిప్పేస్తుంది. దానికి మందు పేనడమే. పోగును ఒకవైపు తిప్పి వడికితే, పేనేటప్పుడు రాట్నాన్ని ఎదురు తిప్పాలి. అప్పుడు ఒక పురి ఇంకో పురిని అణచి, దారం నిలకడగా నిలబడుతుంది. నాలుగు పోగులు కలిపి పేని, చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా ముడివేసి, అరగంట నీళ్ళలో ఉడికించాం. నీళ్ళు టీ డికాషన్ రంగుకు తిరిగాయి. అది మురికి కాదు, పత్తిలో సహజంగా ఉండే మైనం, జిగురు. అవి పోయాకే నూలు నీటిని పీల్చుకుంటుంది. చిలపను దండెం మీద వేసి, కింద నీళ్ళ చెంబు వేలాడదీసి ఆరబెడితే పురి స్థిరపడుతుంది.

అల్లికలో నూలుకు ఉన్ని లాగా సాగి మళ్ళీ ముడుచుకునే గుణం లేదు. అందుచేత అంచు వదులైపోతుంది. దానికి మేము కనిపెట్టుకున్న ఉపాయం, అంచును సన్నటి పదమూడో నంబరు సూదులతో ఒక కుట్టు సూటిగా, ఒకటి తిరగేసి, అంటే ఒక ప్లెయిన్, ఒక పర్ల్‌గా గట్టిగా అల్లి, పైభాగానికి కాస్త లావైన పదకొండో నంబరు సూదులకు మారడం. మూడు నెలల బిడ్డకు సూది మీద 96 కళ్ళు (కుట్లు) ఎక్కించాను. రెండో టోపీ మా మనవరాలి తల మీద కుదురుగా కూర్చుంది, రెండు గంటలున్నా నుదురు పొడిగానే ఉంది. ఇప్పటికి ఆ టోపీని ఇరవై సార్లయినా ఉతికి ఉంటారు. ఉతికిన కొద్దీ మెత్తబడుతోంది.

మా ఊరికి ఇది కొత్త విద్య ఏమీ కాదు. పెన్నా ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించినప్పుడు అక్కడ సాగవలసిన పనుల్లో ముందున్నది రాట్నమే. ఆ ఆశ్రమానికి భూమి సమకూర్చి, తరవాత నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించిన పొణకా కనకమ్మ గారి కాలంలో, ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో నూలు వడికేవారు. 1924 డిసెంబరులో బెల్గాంలో జరిగిన కాంగ్రెస్ మహాసభ పార్టీ సభ్యత్వానికి నెలకు 2,000 గజాల నూలు చందాగా నిర్ణయించింది. పుస్తకంలో చదివినప్పుడు అది ఒక అంకె మాత్రమే. ఇప్పుడు రాట్నం ముందు కూర్చున్నాక లెక్క కట్టి చూశాను. నా చేతికి అది పన్నెండు గంటల పని, అంటే రోజుకు ఇరవై నాలుగు నిమిషాలు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్ళు కూడా ఇవ్వగలిగిన సమయమే వాళ్ళు అడిగారని నాకు అరవై ఏడో ఏట తెలిసింది. ఆశ్రమం చూడడానికి పిల్లల్ని తీసుకువెళ్ళే ఉపాధ్యాయులు, అక్కడ రాట్నాన్ని చూపించి వచ్చేయకుండా, ప్రతి పిల్లవాడి చేతా ఒక్క మూరెడు పోగైనా లాగించమని మనవి చేస్తున్నాను.

మాకు ఎదురైన పెద్ద ఇబ్బంది ఏకులు. దూది ఏకి ఏకులు చేసుకోవడం ఇంట్లో సాధ్యమే, కానీ చాలా ఓపిక కావాలి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, సన్నటి నూలు వడికే ఆడవాళ్ళ నైపుణ్యం మాకు లేదు. ఖాదీ కమిషన్‌కు కర్ణాటకలోని చిత్రదుర్గ వంటి చోట్ల ఏకులు తయారుచేసే కర్మాగారాలున్నాయి. అవి ఖాదీ సంస్థలకు పెద్ద మొత్తాల్లో వెళతాయి. ఇంట్లో వడికేవాళ్ళకు అరకిలో పొట్లం కావాలంటే దొరకడం కష్టంగా ఉంది. తెలిసినవాళ్ళ ద్వారా ఒకసారి తెప్పించుకున్నాం. ఖాదీ భండార్లలో తువ్వాళ్ళు, చొక్కాలు, సబ్బులు, అగరువత్తులు అమ్ముతున్నారు, సంతోషమే. అదే బీరువాలో ఒక అరలో వంద గ్రాముల ఏకుల పొట్లాలు, నాలుగు పోగులు పేనిన అల్లిక నూలు చిలపలు పెడితే, వడకడం రానివాళ్ళు కూడా చేనూలుతో, అంటే చేతితో వడికిన నూలుతో, అల్లుకుంటారు. చీరలు నేయడానికి వాడే సన్నటి నూలు వడకడం అందరి వల్లా కాదు. అల్లికకు కావలసింది ముతక నూలు. కొత్త వడుకరి మొదటి నెలలో వడికే నూలుకు కూడా అల్లికలో చోటుంటుంది.

2021 డిసెంబరు 30న పతాక నియమావళిని సవరించి, యంత్రాల మీద తయారైన జెండాలను, పాలిస్టర్ జెండాలను కూడా అనుమతించారు. అంతకుముందు జాతీయ పతాకం చేతితో వడికి, చేతితో నేసినదే కావాలి. ఆ సవరణ వల్ల వడుకరులకు దొరికే పని తగ్గిందన్న బాధ ఖాదీ మీద అభిమానం ఉన్నవాళ్ళందరికీ ఉంది. ఆ లోటును అల్లిక నూలు పూర్తిగా పూడ్చలేకపోవచ్చు, కానీ చేనూలుకు ఇంకొక కొనుగోలుదారు పుడతాడు. ఆ కొనుగోలుదారు మా వంటి గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు, కాలేజీ అమ్మాయిలు.

మీ పత్రికకు నా విన్నపం చిన్నది. ఇకమీదట దుస్తుల గురించి రాసేటప్పుడు అక్రిలిక్‌ను అక్రిలిక్ అనే రాయండి, ఉన్ని అనే మాటను గొర్రె ఉన్నికే ఉంచండి. పత్రికలో వచ్చిన మాటే బజారులో నిలుస్తుంది. అలాగే తూనికలు కొలతల శాఖ అధికారులు దారపు పొట్లాల మీద పోగు పేరు తెలుగులో, స్పష్టంగా కనిపించేలా ముద్రించే విషయాన్ని పట్టించుకోవాలని మీ ద్వారా కోరుతున్నాను. కొనేవాళ్ళు కూడా దుకాణంలో ఊలు ఇమ్మని కాక, ఇది ఏ పోగు అని అడగడం అలవాటు చేసుకోవాలి. అప్పట్లో నేను ఉండలు కొన్న దుకాణంలోనే ఈమధ్య అడిగితే, కుర్రవాడు తడుముకోకుండా "అక్రిలిక్ అండి" అని చెప్పి, పై అరలోంచి నూలు దారం కూడా తీసి చూపించాడు.

సూదుల మీద ఉన్న శాలువాకు 300 గ్రాముల నూలు కావాలి, అంటే ముప్ఫై నాలుగు గంటల వడుకు. అందులో ఇరవై రెండు గంటలు అయింది. మిగిలిన పన్నెండు గంటల పోగును శివరాత్రి లోపు, పడమటి గాలి తిరగకముందే తీసేయాలని రోజూ తెల్లవారుజామున రాట్నం ముందు కూర్చుంటున్నాను. ఇంటర్మీడియట్ అమ్మాయి పరీక్షలు అయ్యాక తన తకిలీ నూలును కూడా అంచుకు కలపమని ఇచ్చింది. అక్కడక్కడ ఉండలు కట్టిన ఆ నూలును అలాగే అంచులో అల్లుతాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
మూలాపేట, నెల్లూరు.